వాడేసిన ఆసిడ్‌లో సున్నం కలిపితే అది 'ట్రీట్‌మెంట్' అవుతుందా? ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ఏమంటున్నాయి

ముందుగా మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు క్లుప్తంగా చెబుతాను. మీకు జింక్, క్రోమ్ ప్లేటింగ్ చేసే చిన్న యూనిట్ ఉంది. పికిలింగ్‌లో, అంటే లోహం మీది తుప్పును ఆసిడ్‌తో తొలగించే పనిలో, వాడేసిన హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌ను డ్రమ్ముల్లో పట్టి ఉంచి, వారానికోసారి ప్లాస్టిక్ తొట్టిలో పోసి, సున్నం కలిపి న్యూట్రల్ చేస్తున్నారు. ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) అడుగున మిగిలే ముద్దను, అంటే స్లడ్జ్‌ను, షెడ్డు పక్కన ఆరబెడుతున్నారు. రసాయనాలు వచ్చిన ఖాళీ డ్రమ్ములను కడిగి అమ్ముతున్నారు. తనిఖీకి వచ్చిన కాలుష్య నియంత్రణ మండలి అధికారి 'అనుమతి లేకుండా ప్రమాదకర వ్యర్థాలను ట్రీట్ చేస్తున్నారు' అని నివేదికలో రాశారు. 'మేం ప్రమాదం తగ్గిస్తున్నామే గానీ పెంచడం లేదు. దీన్ని తప్పుగా ఎలా రాస్తారు?' అన్నది మీ ప్రశ్న.

సూటిగా సమాధానం ఇది. ప్రమాదాన్ని తగ్గించే ఉద్దేశంతో చేస్తున్నారు కాబట్టే చట్టం దాన్ని ట్రీట్‌మెంట్ అంటుంది. ట్రీట్‌మెంట్ చేయడం నేరం కాదు; మీ ఆథరైజేషన్‌లో (ప్రమాదకర వ్యర్థాల విషయంలో మండలి ఇచ్చే అనుమతి పత్రంలో) రాసి లేని ట్రీట్‌మెంట్ చేయడం ఉల్లంఘన. మీరు చెప్పిన మూడు పనుల్లో మొదటిది, అంటే డ్రమ్ములో పట్టిన ఆసిడ్‌ను తొట్టిలో న్యూట్రల్ చేయడం, స్పష్టంగా ట్రీట్‌మెంటే. మూడోది, డ్రమ్ములు కడగడం, కూడా అంతే. రెండోది, స్లడ్జ్ ఆరబెట్టడం, ఎక్కడ ఎలా చేస్తున్నారన్న దాన్ని బట్టి మారుతుంది. ఈ మూడింటినీ కాగితం మీద సరిచేసుకోవడానికి దారి ఉంది, దాన్ని కూడా కింద వివరిస్తాను.

నేను ఇరవై ఏళ్లకు పైగా పరిశ్రమలకు ఈ అనుమతుల పని చేసి పెడుతున్నాను. అంతకు ముందు కొన్నేళ్లు వ్యర్థాల నమూనాలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేశాను. ఈ ప్రశ్న నా దగ్గరికి ఎన్నో రూపాల్లో వచ్చింది. అన్నింటిలోనూ చిక్కు ఒక్కచోటే ఉంటుంది: మనం పాత్రను, రసాయనాన్ని చూసి ఇది ట్రీట్‌మెంటా కాదా అని తేల్చుకోవాలని చూస్తాం. నిబంధన మాత్రం ఆ పదార్థం ఏ క్షణంలో వ్యర్థంగా మారింది, ఆ తర్వాత దాన్ని ఏ ఉద్దేశంతో ముట్టుకున్నారు అని అడుగుతుంది.

నిర్వచనంలో ఏముంది

ప్రస్తుతం వర్తించేవి పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద 2016 ఏప్రిల్ 4న కేంద్రం జారీ చేసిన ప్రమాదకర, ఇతర వ్యర్థాల నిర్వహణ, సరిహద్దుల మీదుగా తరలింపు నిబంధనలు. మొదట 1989లోనూ, తర్వాత 2008లోనూ వచ్చిన నిబంధనల స్థానంలో ఇవి వచ్చాయి. వీటిలో ట్రీట్‌మెంట్ నిర్వచనం సారాంశం ఇది: ప్రమాదకర వ్యర్థం లేదా ఇతర వ్యర్థం హాని చేసే శక్తిని తగ్గించేందుకు, దాని భౌతిక, రసాయనిక లేదా జీవసంబంధ లక్షణాలనో, దాని కూర్పునో మార్చేలా రూపొందించిన పద్ధతి గానీ, మెళకువ గానీ, ప్రక్రియ గానీ ట్రీట్‌మెంట్.

ఇందులో మూడు మాటలను నెమ్మదిగా చదవాలి. మొదటిది 'వ్యర్థం'. ఇంకా వ్యర్థం కాని పదార్థానికి ఈ నిర్వచనం వర్తించదు. రెండోది 'రూపొందించిన'. నిల్వ ఉంచిన డ్రమ్ములో నూనె తనంతట తాను పైకి తేలి నీళ్లు అడుగుకు చేరితే లక్షణం మారినట్టే, కానీ అది ఎవరూ రూపొందించిన ప్రక్రియ కాదు. అదే డ్రమ్ము కింద మంట పెట్టి, డీమల్సిఫయర్ వేసి నూనెను, నీటిని విడదీస్తే అది రూపొందించిన ప్రక్రియే. మూడోది 'హాని చేసే శక్తిని తగ్గించేందుకు'. ఈ మాట వల్లనే మీ వాదన మీకు ఎదురు తిరుగుతుంది. తనిఖీ అధికారితో 'మేం ప్రమాదం తగ్గిస్తున్నాం సార్' అన్నప్పుడు మీరు నిర్వచనంలోని చివరి షరతును మీ నోటితోనే ఒప్పుకున్నట్టయింది.

తొట్టి చిన్నదా పెద్దదా, వారానికి ఒక డ్రమ్మా పది డ్రమ్ములా, యంత్రం ఉందా లేక మనిషి కర్రతో కలుపుతున్నాడా అన్నవి ఈ నిర్వచనంలో లేవు. 'మాది చిన్న యూనిట్ కదా' అన్న మాట నిల్వ గడువు విషయంలో కొంత పనికొస్తుంది, ఎందుకంటే సాధారణంగా 90 రోజులుగా ఉండే నిల్వ పరిమితిని ఏడాదికి 10 టన్నుల లోపు వ్యర్థం వచ్చే చిన్న యూనిట్లకు మండలి 180 రోజుల దాకా పొడిగించగలదు. ట్రీట్‌మెంట్ నిర్వచనానికి మాత్రం అలాంటి మినహాయింపు లేదు.

అసలు అది వ్యర్థమేనా?

నిబంధనల ప్రకారం వ్యర్థం అంటే ఉత్పత్తి గానీ ఉప ఉత్పత్తి గానీ కాని పదార్థం, ఉత్పత్తి చేసినవారికి తమ తయారీలో గానీ వాడకంలో గానీ ఇక అవసరం లేనిది. దీని కింద ఉన్న వివరణలో చాలామంది చదవకుండా వదిలేసే వాక్యం ఒకటి ఉంది: ఎక్కడ పుట్టిన అవశేషాన్ని అక్కడే మళ్లీ వాడుకుంటే, లేదా రీసైకిల్ చేసుకుంటే, అది వ్యర్థం కిందికి రాదు.

మీకు సంబంధించిన ఉదాహరణ చెబుతాను. పికిలింగ్ బాత్‌లో (వస్తువులను ముంచే ద్రావణంలో) ఆసిడ్ బలం తగ్గితే కొంత తీసి, వడగట్టి, తాజా ఆసిడ్ కలిపి, అదే బాత్‌లోకి తిరిగి పంపితే అది మీ ప్రక్రియలో భాగం. వడపోత కూడా లక్షణాలను మార్చేదే అయినా, అక్కడ వ్యర్థం ఇంకా పుట్టలేదు. ఎప్పుడైతే 'ఈ బాత్ ఇక పనికిరాదు' అని తేల్చి, పంపుతో డ్రమ్ములోకి తోడారో ఆ క్షణంలో అది నిబంధనల్లోని ప్రమాదకర వ్యర్థాల జాబితా అయిన షెడ్యూల్-1లోని 12.2, అంటే వాడేసిన ఆసిడ్, ఆల్కలీ అనే వర్గంలోకి వెళ్లిపోయింది. అది సైనైడ్ లేదా విషపూరిత లోహాలున్న ప్లేటింగ్ బాత్ అయితే 12.3లోకి వెళ్తుంది. మీ లాగ్‌బుక్‌లో బాత్ తీసేసిన తేదీ, సమయం ఉంటే అదే చట్టం దృష్టిలో వ్యర్థం పుట్టిన ఘడియ.

సాల్వెంట్ల విషయంలో ఇదే గీత ఇంకా సన్నగా ఉంటుంది. ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో రియాక్టర్ పక్కనే డిస్టిలేషన్ కాలమ్ ఉండేది. వాడిన టోలుయిన్ పైపులో అక్కడికి వెళ్లి, శుద్ధి అయి, అదే బ్యాచ్ ప్రక్రియకు తిరిగి వచ్చేది. దాన్ని మండలి కూడా ప్రక్రియలో భాగంగానే చూసింది, కాలమ్ అడుగున మిగిలిన అవశేషాన్ని మాత్రమే ప్రమాదకర వ్యర్థంగా లెక్కించింది. రెండేళ్ల తర్వాత వాళ్లు వేరే ఉత్పత్తి నుంచి వచ్చిన మిశ్రమ సాల్వెంట్‌ను డ్రమ్ముల్లో నిల్వ చేసి, నెలాఖరున అదే కాలమ్‌లో డిస్టిల్ చేసి బయటకు అమ్మడం మొదలుపెట్టారు. కాలమ్ మారలేదు, ఆపరేటర్ మారలేదు. కానీ చట్టపరంగా పని మారిపోయింది. రూల్ 9 ప్రకారం వ్యర్థాన్ని వనరుగా వాడుకోవడం, అది సొంత ఆవరణలోనే అయినా సరే, ప్రక్రియలో భాగం కాకపోతే ముందుగా రాష్ట్ర మండలి ఆథరైజేషన్ ఉండాలి. ఆ ఆథరైజేషన్ కేంద్ర మండలి రూపొందించిన ప్రామాణిక పద్ధతి ఆధారంగా ఉండాలి. ఆ యూనిట్ వాళ్లకు నోటీసు వచ్చింది. వాళ్లు చూపిన ఫోటోలన్నీ కాలమ్‌వే, డ్రమ్ముల గురించి ఒక్క కాగితం కూడా లేదు.

ఈటీపీలోకి వెళ్తే ఒకటి, డ్రమ్ములోకి వెళ్తే మరొకటి

మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన అంశం ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

ఈ నిబంధనలు కొన్నింటిని మొదట్లోనే పక్కన పెట్టేశాయి. నీటి చట్టం, 1974 కిందికి వచ్చే మురుగునీరు, గాలి చట్టం, 1981 కిందికి వచ్చే పొగలు, వాయువులు, రేడియోధార్మిక వ్యర్థాలు, బయోమెడికల్ వ్యర్థాలు, మున్సిపల్ చెత్త వీటి పరిధిలోకి రావు. వీటికి వేరే చట్టాలు, వేరే నిబంధనలు ఉన్నాయి.

కాబట్టి ప్లేటింగ్ తర్వాత వస్తువులను కడిగిన నీరు పైపులో నేరుగా ఈటీపీకి వెళ్లి, అక్కడ సున్నంతో న్యూట్రల్ అయి, లోహాలు అడుగున పేరుకుని, పైనీరు బయటకు వెళ్తుంటే అదంతా నీటి చట్టం కింద మండలి మీకిచ్చిన అనుమతి, అంటే కన్సెంట్‌లోని వ్యవహారం. అక్కడ జరిగేది రసాయనికంగా మీ తొట్టిలో జరిగే పనే. అయినా అది ప్రమాదకర వ్యర్థాల ట్రీట్‌మెంట్ అనిపించుకోదు, ఎందుకంటే అక్కడ ఉన్నది మురుగునీరు. ఆ ఈటీపీ నుంచి తీసిన రసాయన స్లడ్జ్ మాత్రం షెడ్యూల్-1లో 35.3 కింద ప్రమాదకర వ్యర్థం.

చాలామంది ఇక్కడ 'ద్రవంగా ఉన్నదంతా మురుగునీరే కదా' అనుకుంటారు. అది సరికాదు. వాడేసిన ఆసిడ్ ద్రవమే అయినా షెడ్యూల్-1లో పేరుతో సహా ఉంది. డ్రమ్ములో పట్టి, షెడ్డులో పెట్టి, రిజిస్టర్‌లో రాశాక అది వ్యర్థమే, దాన్ని బయటకు తీసి తొట్టిలో ఏం చేసినా వ్యర్థానికి చేసినట్టే.

నేను చూసిన ఒక గాల్వనైజింగ్ యూనిట్‌లో సరిగ్గా ఇదే సమస్య వచ్చింది. వాళ్ల తొట్టి దగ్గర నిలబడి గంటసేపు చూశాను. ఆకుపచ్చ రంగు తిరిగిన ఆసిడ్‌లో సున్నం పడగానే బుసబుస పొంగి, తొట్టి గోడ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. కాసేపటికి ముదురు ఆకుపచ్చ ముద్ద విడిపోయి, గాలి తగిలిన చోటల్లా తుప్పు రంగుకు తిరిగింది. కలిపే మనిషికి కళ్లద్దాలు లేవు. పీహెచ్ కాగితం ముంచి చూస్తే 7 వచ్చింది, వాళ్లు సంతోషపడ్డారు. కానీ ఆసిడ్‌లో కరిగి ఉన్న ఇనుము, జింకు ఎక్కడికీ పోలేదు, ఆ ముద్దలోనే ఉన్నాయి. పైగా ఆ ముద్ద ఏ రిజిస్టర్‌లోనూ లేదు. తొట్టిలో ఎంత ఆసిడ్ పడిందో, ఎంత స్లడ్జ్ వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. అధికారి అభ్యంతరం సున్నం మీద కాదు, ఈ లెక్కలేనితనం మీద.

దానికి మేం చేసిన పరిష్కారం: బాత్ నుంచి డ్రమ్ముకు వెళ్లే మార్గం మూసేసి, ఆసిడ్ నిరోధక పూతతో ఒక సంప్ కట్టి, అక్కడి నుంచి వాడేసిన ఆసిడ్‌ను డోసింగ్ పంపుతో కొద్దికొద్దిగా ఈటీపీ న్యూట్రలైజేషన్ ట్యాంకులోకి పంపేలా డిజైన్ మార్చాం. నీటి లెక్కల పట్టికలో దీన్ని ప్రత్యేక ప్రవాహంగా చూపి, ఈటీపీ సామర్థ్యం దానికి సరిపోతుందని లెక్కలు పెట్టి, పెరిగే స్లడ్జ్ పరిమాణాన్ని ఆథరైజేషన్‌లో సవరించమని దరఖాస్తు చేశాం. అనుమతి వచ్చింది. అనుమతి రాకముందే పంపు బిగించి నడిపించకండి. ఈటీపీ సామర్థ్యం చాలకపోతే ఈ దారి పనికిరాదు. అప్పుడు ఆసిడ్‌ను ఆథరైజేషన్ ఉన్న వినియోగదారుకు గానీ, ఉమ్మడి శుద్ధి కేంద్రానికి గానీ మేనిఫెస్ట్‌తో (వ్యర్థంతో పాటు వెళ్లే రవాణా పత్రంతో) పంపడమే మంచిది.

డ్రమ్ములు, స్లడ్జ్

రసాయనాలు అంటుకున్న ఖాళీ డ్రమ్ములు, కంటైనర్లు, లైనర్లు షెడ్యూల్-1లో 33.1. కడగడం వాటికి అంటుకున్న హానికర పదార్థాన్ని తొలగించడానికే కాబట్టి అది నిర్వచనంలో సరిగ్గా ఇమిడిపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో మండళ్లు ఇచ్చే ఆర్డర్లలో సాధారణంగా ఈ డ్రమ్ముల ఎదురుగా 'పూర్తిగా డీటాక్సిఫికేషన్ (విషపదార్థాల తొలగింపు) చేశాక ఆథరైజ్డ్ ఏజెన్సీలకు ఇవ్వాలి' అన్న అర్థంలో షరతు ఉంటుంది. మీ ఆర్డర్ తీసి చూడండి. ఆ షరతు ఉంటే కడగడానికి మీకు అనుమతి ఇప్పటికే ఉన్నట్టు, మిగిలింది కడిగిన నీరు ఈటీపీకి వెళ్తోందా, కొనేవారికి ఆథరైజేషన్ ఉందా అన్న రెండు ప్రశ్నలు మాత్రమే. ఆ షరతు లేకుండా 'డ్రమ్ముల నిల్వ, అమ్మకం' అని మాత్రమే ఉంటే సవరణ అడగాలి. పాత సామాన్ల వ్యాపారికి అమ్మితే మాత్రం ఎంత కడిగినా సమర్థించుకోలేరు. ఆ డ్రమ్ము రేపు ఎవరింట్లోనో నీళ్ల డ్రమ్ము అవుతుంది. నేను దీన్ని కళ్లారా చూశాను కాబట్టి ఈ ఒక్క విషయంలో నా క్లయింట్లతో రాజీపడను.

స్లడ్జ్ సంగతి. ఫిల్టర్ ప్రెస్ గానీ, ఎండబెట్టే బెడ్లు గానీ ఈటీపీ డిజైన్‌లో భాగంగా కన్సెంట్‌లో ఉంటే అక్కడ నీరు తీయడం ఈటీపీ నడపడంలో భాగమే. ప్రెస్ నుంచి కేక్ (నీరు పిండిన స్లడ్జ్ ముద్ద) తీసి, సంచుల్లో నింపి, షెడ్డులో పెట్టాక మళ్లీ బయటకు తీసి నేల మీద పరిచి ఆరబెడితే పరిస్థితి వేరు. 'నీరు తగ్గితే హాని తగ్గుతుందా? బరువే కదా తగ్గేది' అని వాదించవచ్చు, ఆ వాదనలో కొంత బలం ఉంది కూడా. మన నిర్వచనంలో పరిమాణం తగ్గించడం అన్న మాట లేదు. అయినా ఆ వాదన మీద ఆధారపడవద్దంటాను. ఎందుకంటే ట్రీట్‌మెంట్ కాదని నెగ్గినా, కప్పులేని చోట, గచ్చు లేని నేల మీద ప్రమాదకర వ్యర్థాన్ని పరిచారన్న నిల్వ ఉల్లంఘన అలాగే నిలుస్తుంది. ఒక్క వాన కురిస్తే చాలు, క్రోమియం నేలలోకి దిగుతుంది.

అమెరికా స్లైడ్లతో జాగ్రత్త

ఈ గందరగోళానికి మరో కారణం ఉంది. శిక్షణ తరగతుల్లో చూపే స్లైడ్లలో చాలావాటికి మూలం అమెరికా నిబంధనలే. అక్కడి నిర్వచనం మనదాని కంటే విస్తృతమైనది. న్యూట్రలైజేషన్‌ను పేరుతో సహా ప్రస్తావిస్తుంది. పదార్థం గానీ శక్తి గానీ రాబట్టడం, రవాణాకు, నిల్వకు అనువుగా చేయడం, చివరికి పరిమాణం తగ్గించడం కూడా అక్కడ ట్రీట్‌మెంటే. దానికి తగ్గట్టే మినహాయింపులు కూడా విడివిడిగా ఉన్నాయి: కేవలం తినివేసే గుణం వల్లనే ప్రమాదకరమైన వ్యర్థాన్ని న్యూట్రల్ చేసే ట్యాంకులకు ఒకటి, మురుగునీటి శుద్ధి యూనిట్లకు ఒకటి, పూర్తిగా మూసి ఉండి ప్రక్రియకు కలిపి ఉన్న శుద్ధి యూనిట్లకు ఒకటి. వ్యర్థం పుట్టించినవారు తమ నిల్వ ట్యాంకుల్లో కొన్ని షరతులతో ట్రీట్ చేసుకునే వీలు కూడా అక్కడ ఉంది.

మీకు ఎవరో 'న్యూట్రలైజేషన్‌కు పర్మిట్ అక్కర్లేదు' అని చెప్పారని రాశారు. ఆ మాట అక్కడి మొదటి మినహాయింపు నుంచి వచ్చి ఉంటుంది. మన నిబంధనల్లో అలాంటి మినహాయింపు లేదు. పైగా మీ ఆసిడ్‌లో లోహాలు కూడా ఉన్నాయి కాబట్టి అది కేవలం తినివేసే గుణం ఉన్న వ్యర్థం కాదు, అక్కడైనా ఆ మినహాయింపు మీకు సులువుగా దక్కేది కాదు.

కలపడం, పల్చబరచడం

మీరు అడగకపోయినా ఇది చెప్పాలి, ఎందుకంటే నోటీసు వచ్చాక భయంతో కొందరు చేసే పని ఇదే.

నూనె స్లడ్జ్ మరీ జారుడుగా ఉందని రంపపు పొట్టు కలిపి సిమెంటు బట్టీకి పంపే యూనిట్లు ఉన్నాయి. కో-ప్రాసెసింగ్‌కు (సిమెంటు బట్టీ వంటి చోట ఇంధనంగానో ముడిసరుకుగానో వాడడానికి), రీసైక్లింగ్‌కు లేదా మరో ప్రాసెసింగ్‌కు అనువుగా వ్యర్థాన్ని ట్రీట్ చేయడాన్ని నిబంధనలు 'ప్రీ-ప్రాసెసింగ్' అంటాయి, అంటే ప్రీ-ప్రాసెసింగ్ నిర్వచనంలోనే ట్రీట్‌మెంట్ ఉంది. పొట్టు కలపడం చిన్న పనిలా కనిపించినా, ఆథరైజేషన్‌లో ఆ మాట ఉండాలి.

పల్చబరచడం ఇంకో దారి. ల్యాబ్‌లో ఉన్న రోజుల్లో ఒక యూనిట్ నుంచి వచ్చిన స్లడ్జ్ నమూనాను వేలితో నలిపితే ఇసుక రేణువులు తగిలాయి. ప్రెస్ నుంచి వచ్చిన కేక్‌లో అలాంటి గరుకు ఇసుక ఉండదు. సీసం పరిమితి దాటకుండా మట్టి కలిపి పంపారు. షెడ్యూల్-2లో లీచింగ్ పరీక్షకు (వ్యర్థం నుంచి ద్రవంలోకి ఎంత దిగుతుందో చూసే పరీక్షకు) లీటరుకు సీసం 5 మిల్లీగ్రాములు, కాడ్మియం 1 మిల్లీగ్రాము, పాదరసం 0.2 మిల్లీగ్రాము అని పరిమితులు ఉన్నాయి. మట్టి కలిపితే అంకె తగ్గుతుంది, సీసం మాత్రం ఒక్క గ్రాము కూడా తగ్గదు. అది హాని చేసే శక్తిని తగ్గించడం కాదు కాబట్టి ట్రీట్‌మెంట్ అని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. ఉన్న వ్యర్థం పరిమాణం పెంచి, పరీక్షను తప్పుదోవ పట్టించినట్టవుతుంది. దానికి విరుద్ధంగా, సిమెంటు, సున్నం వంటి బంధక పదార్థాలతో లోహాలు నీటిలోకి దిగకుండా స్థిరీకరించడం నిజమైన ట్రీట్‌మెంట్, ఉమ్మడి కేంద్రాల్లో పూడ్చే ముందు చేసే పని అదే. రెండు పనుల్లోనూ స్లడ్జ్‌లో ఏదో పొడి కలుపుతున్నట్టే కనిపిస్తుంది, కాబట్టి ఉద్దేశాన్ని, ఫలితాన్ని కాగితం మీద చూపగలగడం అవసరం.

ఇక్కడే ఇంకో మాట. షెడ్యూల్-1లో పేరున్నంత మాత్రాన మీ వ్యర్థం కచ్చితంగా ప్రమాదకరమే అని ముద్ర పడిపోదు. షెడ్యూల్-2 పరీక్షల ఆధారంగా అది ప్రమాదకరం కాదని చూపే అవకాశాన్ని నిబంధనలే ఇచ్చాయి. అది నిజాయితీగా తీసిన నమూనాతో, గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో చేయించవలసిన పని.

ట్రీట్ చేశాక మిగిలేది కూడా వ్యర్థమే

షెడ్యూల్-1లో 37వ వర్గం మొత్తం వ్యర్థాల ట్రీట్‌మెంట్ నుంచి పుట్టే వ్యర్థాలకు కేటాయించారు: స్క్రబ్బర్ స్లడ్జ్, ఇన్సినరేటర్ బూడిద, ఆవిరి చేశాక మిగిలే అవశేషాలు. భోపాల్ యూనియన్ కార్బైడ్ ఆవరణలో మిగిలిపోయిన సుమారు 337 టన్నుల వ్యర్థాన్ని 2025లో పీథంపూర్‌లో మండించినప్పుడు, మంట ఆరిపోవడంతో పని అయిపోలేదు. ఆ బూడిదను, అవశేషాలను ఎక్కడ, ఎలా పూడ్చాలన్న ప్రశ్న ఆ తర్వాత కూడా మిగిలే ఉంది. మీ తొట్టిలోని ముద్దకు కూడా ఇదే సూత్రం. అందుకే ట్రీట్‌మెంట్ కోసం దరఖాస్తు చేసేటప్పుడు లోపలికి వెళ్లే పరిమాణంతో పాటు బయటకు వచ్చే పరిమాణం కూడా తప్పక రాయాలి.

ఇప్పుడు మీరు చేయవలసింది

తొట్టి పనిని ఈరోజే ఆపండి. ఉన్న ఆసిడ్‌ను లేబుల్ అంటించిన డ్రమ్ముల్లో, గచ్చు, కట్ట ఉన్న షెడ్డులో ఉంచి, ఫారం-3 రిజిస్టర్‌లో తేదీతో రాయండి.

మీ కన్సెంట్, ఆథరైజేషన్ ఆర్డరును ముందు పెట్టుకుని, ప్రతి వ్యర్థం ఎదురుగా మండలి ఏ పనికి అనుమతి ఇచ్చిందో చూడండి. ఫారం-1 దరఖాస్తులో ఉత్పత్తి, సేకరణ, నిల్వ, రవాణా, పునర్వినియోగం, రీసైక్లింగ్, ప్రీ-ప్రాసెసింగ్, ట్రీట్‌మెంట్, డిస్పోజల్ అంటూ పనుల జాబితా ఉంటుంది, ఏవి కావాలో గుర్తు పెట్టాలి. నేను చూసిన చిన్న యూనిట్లలో చాలావరకు 'ఉత్పత్తి', 'నిల్వ' దగ్గర మాత్రమే గుర్తు పెట్టి వదిలేసినవే. గుర్తు పెట్టని పని చేస్తే, ఎంత మంచి ఉద్దేశంతో చేసినా, అది ఆథరైజేషన్ బయట జరిగిన పనే అవుతుంది. కొత్తగా ఫారం-1 వేస్తే అన్నీ సక్రమంగా ఉన్న దరఖాస్తును మండలి 120 రోజుల్లో తేల్చాలి, ఆథరైజేషన్ సాధారణంగా ఐదేళ్లు చెల్లుతుంది.

ఆవరణలోనే ప్రత్యేకంగా ట్రీట్‌మెంట్ యూనిట్ పెట్టుకోవాలనుకుంటే అది 'క్యాప్టివ్' (సొంత వ్యర్థాల కోసమే పెట్టుకున్న) కేంద్రం అవుతుంది. రూల్ 16 ప్రకారం దాన్ని కేంద్ర మండలి సాంకేతిక మార్గదర్శకాల మేరకు రూపొందించి, డిజైన్‌కు, లేఔట్‌కు రాష్ట్ర మండలి ఆమోదం తీసుకోవాలి. మీ పరిమాణానికి అంత అవసరం లేదని నా అభిప్రాయం. ఈటీపీ దారి గానీ, దుండిగల్, పరవాడల్లో ఉన్నటువంటి ఉమ్మడి కేంద్రానికి పంపడం గానీ మీకు తక్కువ శ్రమతో అయిపోతుంది.

ఆ నివేదిక మీద వచ్చే నోటీసుకు జవాబులో 'ఇది ట్రీట్‌మెంట్ కాదు' అని వాదించకండి. ఏం జరిగిందో, ఎన్ని నెలలుగా జరిగిందో, సుమారుగా ఎంత ఆసిడ్, ఎంత స్లడ్జ్ అన్నది నిజంగా రాయండి. ఆపిన తేదీ, ఫోటోలు, కొత్త దరఖాస్తు నకలు, స్లడ్జ్ పరీక్ష నివేదిక జతచేయండి. జనవిశ్వాస్ సవరణల వల్ల 2024 ఏప్రిల్ 1 నుంచి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఉల్లంఘనలకు జైలు స్థానంలో రూ.10 వేల నుంచి రూ.15 లక్షల దాకా ఆర్థిక జరిమానా వచ్చింది. ఉల్లంఘన కొనసాగితే రోజుకు అదనంగా మరో రూ.10 వేలు. విధించిన జరిమానా కట్టకపోతే మాత్రం జైలు ప్రస్తావన మళ్లీ వస్తుంది. అందుకే ఆపిన తేదీకి రుజువు ఉండటం డబ్బు లెక్కలో కూడా ముఖ్యం. జరిమానాతో సంబంధం లేకుండా, రూల్ 23 కింద పర్యావరణానికి జరిగిన నష్టానికి బాధ్యత వేరుగా ఉంటుంది. రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీలో హెచ్-ఆసిడ్ (రంగుల తయారీలో వాడే రసాయనం) తయారీ స్లడ్జ్ వల్ల ఊరి బావులు పాడైన కేసులో 1996లో సుప్రీంకోర్టు కాలుష్యం చేసినవారే శుభ్రం చేసే ఖర్చు కూడా భరించాలని చెప్పింది, ఆ సూత్రం చిన్న యూనిట్లకు కూడా వర్తిస్తుంది.

చివరగా ఒక భద్రతా విషయం. మీ జింక్ ప్లేటింగ్ సైనైడ్ బాత్‌తో జరుగుతోందా, ఆల్కలైన్ లేదా ఆసిడ్ బాత్‌తో జరుగుతోందా అన్నది మీరు రాయలేదు. సైనైడ్ అయితే ఈ మాటను మిగతా అన్నిటికంటే ముందు పాటించండి: పికిలింగ్ ఆసిడ్, సైనైడ్ కడిగిన నీరు ఒకే గుంతలోకి గానీ, ఒకే కాలువలోకి గానీ చేరకూడదు. రెండూ కలిస్తే హైడ్రోజన్ సైనైడ్ వాయువు వస్తుంది. ఒక యూనిట్‌లో నేల కడిగిన నీరు రెండు లైన్ల మధ్య ఉన్న పగిలిన కాలువలో కలుస్తుండగా గమనించి, అందరినీ బయటకు పంపి, లైన్ ఆపించాం. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ పగులు రెండు వేళ్ల వెడల్పు కూడా లేదు. సైనైడ్ నీటిని వేరే ట్యాంకులో, పీహెచ్ 10కి పైన ఉంచి, హైపోక్లోరైట్‌తో విచ్ఛిన్నం చేయాలి. క్రోమ్ నీటిని అందుకు భిన్నంగా పీహెచ్ 2, 3 మధ్య ఉంచి, సోడియం మెటాబైసల్ఫైట్‌తో క్రోమియంను ఎక్కువ విషపూరితమైన హెక్సావలెంట్ రూపం నుంచి ట్రైవలెంట్‌ రూపానికి మార్చాలి. పసుపు రంగు పూర్తిగా పోయి ఆకుపచ్చ వచ్చాకే సున్నం వేయాలి. ఈ మూడు ప్రవాహాలు మీ ఈటీపీ డ్రాయింగ్‌లో వేర్వేరు గీతలుగా కనిపించకపోతే సవరణ దరఖాస్తుకు ముందే ఆ డ్రాయింగ్‌ను సరిచేయించండి. మీ బాత్ రకం, రోజువారీ నీటి పరిమాణం, ప్రస్తుత ఆర్డర్‌లోని వ్యర్థాల పట్టిక ఇక్కడ రాస్తే దరఖాస్తులో ఏ వాక్యం ఎలా ఉండాలో చూసి చెబుతాను.